దొరికిన కిడ్నీ

సరిగ్గా ఆ క్షణంలో ఫోన్ మోగబట్టి ముగ్గురు బతికిపోయారు.

"మీలో ఎవరిస్తారర్రా?" అని నాయనమ్మ అప్పుడే అడిగింది. మనవలు పిలవగా పిలవగా ఆవిడ వీధి మొత్తానికీ నాయనమ్మే. అడిగింది మాత్రం కన్నబిడ్డల్ని. ముగ్గురూ హాల్లో సోఫా మీద వరసగా కూర్చున్నారు. పెద్దకొడుకు కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఈ ప్రశ్న మాత్రం సిలబస్‌లో లేనట్టు ఫ్యాను వైపు చూశాడు. చిన్నకొడుక్కి సొంత జిమ్ము ఉంది. తలుపంత ఛాతీ ఉన్నవాడు దిండు వెనక దాక్కోడానికి ప్రయత్నించాడు. కూతురు బట్టలు కుట్టే షాపు నడుపుతుంది. ఆమెకి ఉన్నట్టుండి తన గోళ్ళరంగు మీద ఎక్కడలేని ఆసక్తి కలిగింది.

తాతయ్య లోపలి గదిలో పడుకుని ఉన్నాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. రోజంతా ఆయన తాగవలసిన నీళ్ళు ఒక చిన్న సీసాలో కొలిచి పెడతారు. మధ్యాహ్నానికే ఆ సీసా ఖాళీ.

"ఇలా ఎక్కువ కాలం లాగలేం. ఇంట్లోవాళ్ళెవరైనా ఒక కిడ్నీ ఇస్తే నిక్షేపంగా ఉంటారు," అన్నాడు డాక్టరు. నాయనమ్మ అక్కడికక్కడే తనది తీసుకోమంది. ఆవిడ గుండె ఆపరేషనుకి తట్టుకోదన్నాడు.

ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ జబ్బుపడ్డారు. పెద్దకొడుక్కి షుగరొచ్చింది. చిన్నకొడుకు కిడ్నీల్లో ఒకటి పుట్టుకతోనే చిన్నదని తేలింది. తేల్చిందెవరో మాత్రం తేలలేదు. పొద్దస్తమానం సూదితోనే బతికే కూతురికి సూది చూస్తే కళ్ళు తిరగడం మొదలైంది. తమ బ్లడ్ గ్రూపేమిటో ముగ్గురూ ఒకేసారి మరిచిపోయారు. ఎంత ఐకమత్యం!

నాయనమ్మ ఫోన్ చెవికి ఆనించుకుంది.

"ఆఁ... ఎవరండీ?... అలాగా... అయ్యో, దానికేముందండీ... మంచిది."

ఫోన్ పెట్టేసి, కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"దొరికిందర్రా. కిడ్నీ దొరికింది."

ముగ్గురూ ఒక్కసారి ఊపిరి వదిలితే కిటికీ తెరలు కదిలాయి. చీకటి మొహాలన్నీ బల్బు వేసినట్టు వెలిగాయి. పెద్దకోడలు పరుగున వెళ్ళి టీ పెట్టింది. బీరువాలో దాచిన మంచి బిస్కెట్ల డబ్బా కూడా లోకాన్ని చూసింది.

"ఎవరమ్మా ఆ మహానుభావుడు?" అంది కూతురు.

"పేరు చెప్పకూడదటే."

"చెప్పకపోతే పోయె. పదికాలాలు చల్లగా ఉండాలి."

"అసలు నేనే ఇద్దామనుకున్నానమ్మా," పెద్దకొడుకు టీ ఊదుకుంటూ అన్నాడు. "నోరు తెరవబోతుంటే ఫోన్ మోగింది."

నాయనమ్మ జాలిగా చూసింది. "నువ్వెలా ఇస్తావు నాన్నా, షుగరుండగా?"

"షుగరా! అదెప్పుడో విందు భోజనం చేసిన మర్నాడు చూపించుకుంటే వచ్చిందిలే. మొన్నటి రిపోర్టు కడిగిన ముత్యం."

"ఆయన్ని నేనెప్పుడో ఒప్పించానత్తయ్యా," అంది పెద్దకోడలు. "సంచీ సర్దడమే తరువాయి."

"పాపం చిన్నోడే, ఇవ్వాలనున్నా ఇవ్వలేడు," అంది నాయనమ్మ. "వాడిదొకటి మరీ చిన్నది."

చిన్నకొడుక్కి పౌరుషం వచ్చింది. "ఎవరమ్మా చిన్నదన్నది? స్కానింగ్ చేసినాయన నోరెళ్ళబెట్టాడు, ఇంత పుష్టిగా ఉన్నవి ఎక్కడా చూడలేదని!"

"దీనికి సూదంటే భయం గానీ..." అంది నాయనమ్మ, కూతుర్ని చూపిస్తూ.

"నాకా భయం? మొన్న మిషను సూది వేల్లో దిగితే నేనే పీకి పారేసి జాకెట్టు పూర్తిచేశా," అంది కూతురు.

"అయినా గ్రూపు కలవొద్దూ? మీ నాన్నది ఓ పాజిటివ్."

"నాదీ అదే!" అన్నారు ముగ్గురూ, పద్యం అప్పజెప్పినట్టు.

అక్కడితో ఆగినా బాగుండేది. త్యాగం అనేది ఒకసారి ఖర్చులేకుండా దొరికితే ఎవరూ పక్కవాడికి వదలరు.

"పెద్దకొడుకుని నేనుండగా నువ్వెవడివిరా ఇవ్వడానికి?"

"నీదాన్నిండా చాక్‌పీసు పొడే ఉంటుందన్నయ్యా. నాది రోజూ కసరత్తు చేసిన కిడ్నీ."

"ఇద్దరూ నోరు మూస్తారా? నాన్నకి నేనంటే ప్రాణం. ఇస్తే నేనే ఇవ్వాలి!"

టీ చల్లారింది. తగువు వేడెక్కింది. చిన్నకొడుకు చొక్కా ఎత్తి కిడ్నీ ఉండే చోటు చూపించాడు. పెద్దకోడలు తన భర్తది అంతకన్నా మంచి చోట ఉందని వాదించింది.

లోపల్నుంచి సన్నటి గొంతు వినిపించింది. "ఏమిటే ఆ గోల?"

"పిల్లలు మీకోసం కొట్టుకుంటున్నారండీ!"

"నాకోసమా?" తాతయ్య నమ్మలేదు. "సరేలే. గుక్కెడు నీళ్ళిస్తావా?"

నాయనమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. సీసా ఖాళీ అని ఆవిడకి తెలుసు.

"కాస్త ఓర్చుకోండి. త్వరలోనే చెంబుడు తాగుదురుగాని," అని వెనక్కి తిరిగింది. "మాట వరసకి అనడంలేదు కదర్రా? నిజంగానే ఇచ్చేవాళ్ళా?"

"ఒట్టమ్మా!"

"డాక్టరు ఇప్పుడు పిలిచినా సిద్ధం!"

"ఏం చేస్తాం, మాకా అదృష్టం లేదు," కూతురు కళ్ళు కూడా తుడుచుకుంది.

"అయితే రేపు పొద్దున్నే పరగడుపున ముగ్గురూ పరీక్షలకి ఆసుపత్రికి వచ్చెయ్యండి," అంది నాయనమ్మ ఖాళీ కప్పులు ట్రేలో సర్దుతూ, "ఇందాకటి ఫోను రాంగ్ నంబరు."