ఎండబెట్టిన అన్నం

“ఇవాళ కూడా సగమే తిన్నావేంటి పెద్దమ్మా? కూర బాగోలేదా?”

సూసన్ టీచర్ మనసుకి కష్టంగానే ఉంది. ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమదినాలు నలభై రోజులూ మధ్యాహ్నం ఉపవాసముండి, ఆ పూట అన్నం ఆకలిగొన్నవాళ్లకి పెట్టాలన్నది ఆమె తీర్మానం. అందుకే జగ్గయ్యపేటలో ఒంటిపూట బడి అవగానే నందిగామ బస్సెక్కి, ఒంటరి ముసలామె దీనమ్మకి క్యారియర్ తెచ్చిపెడుతోంది. దీనమ్మేమో రోజూ సగం మిగుల్చుతోంది.

“బానే ఉందమ్మా,” అంది దీనమ్మ, కంచం వెనక్కి జరుపుకుంటూ.

“అయితే ఇటివ్వు. కుక్కకి పెడతా.”

“వద్దొద్దు!”

ఆ కంగారులో దీనమ్మ కాలు తగిలి మంచం కింద రేకు డబ్బా దొర్లింది. మూత ఊడి, ఎండిన మెతుకులు నేలంతా పరుచుకున్నాయి.

“ఇదేంటి పెద్దమ్మా?”

“రోజూ కాస్త కడిగి ఎండబెట్టా. నానేస్తే మళ్లీ మెత్తబడుద్ది.” మెతుకులు ఏరుకుంటూ అంది దీనమ్మ. “రేపు ఈస్టర్ గదా. రేపట్నుంచి నువ్వు రావు.”

“ఎందుకు రాను? తప్పకుండా వస్తా.”

“నిరుడూ అట్టాగే అన్నావమ్మా. వారం దాకా రోజూ కంచం కడుక్కుని కూర్చున్నా.” ఆ గొంతులో కోపం లేదు.

సూసన్‌కి ఆ మాట అన్నట్టే గుర్తు లేదు.

మరోసారి మాటివ్వడానికి నోరు రాలేదు. కంచంలో మిగిలిన అన్నాన్ని కడిగి, వాకిట్లో పాతచీర ముక్క మీద పలచగా ఆరబోసింది.