పెనం దగ్గర మనిషి

"త్రినాధరావు గారి గానుగ పాక ఎటండీ?"

తుమ్మపాల మలుపులో బండి ఆపి అడిగాడు కిరణ్. అనకాపల్లి కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు అతను కెప్టెన్. ఒంటి మీద జట్టు జెర్సీ ఉంది.

రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి తల అడ్డంగా ఊపాడు.

"మాదీ ఊరు కాదు బాబూ. నేనొచ్చిన బస్సు టైరు పేలిపోనాది. నువ్వు మళ్లీ అనకాపల్లెల్తావా? నన్నూ ఎక్కించుకో."

"వెనక సీటు మా గోలీకి" అన్నాడు కిరణ్. పొగ లేస్తున్న వైపు బండి తిప్పేశాడు.

మూడింటికి ఫైనల్. కప్పు మీద మొదటి పేరు చెక్కింది తెల్లదొరల కాలంలో. అప్పటినుంచి చాలా కాలేజీల పేర్లు ఎక్కాయి, అనకాపల్లి పేరు ఎక్కలేదు. చెరకు సీజన్లోనే టోర్నమెంటు. సగం జట్టు చెరకు రైతుల పిల్లలు. ఏటా గానుగ మొదలవగానే జట్టు పలచబడేది. ఈ ఏడు అందరూ ఇంట్లో పోట్లాడి మరీ ఆడారు. ఒక్క మ్యాచ్ ఓడలేదు.

ఇవాళ గోల్‌కీపర్ నితీష్ రాలేదు.

పాకలో నితీష్ పెనం ముందు తెడ్డు పట్టుకుని ఉన్నాడు. చెరకు రసం మరుగుతోంది. తండ్రి త్రినాధరావు కుడిచేతికి గుడ్డ చుట్టుకుని నులకమంచం మీద కూర్చున్నాడు. తెల్లవారుజామున పాకం చిందింది.

"ఏట్రా ఇది? ఫోనెత్తవేటి?" అన్నాడు కిరణ్.

"ఎత్తి ఏటి సెప్పమంటావు?" నితీష్ తల తిప్పలేదు. "చెరకు కొట్టేసేం. గానుగ రేపు ఇంకొకల వంతు. నాన్న సెయ్యి సూడు."

"నేను కలుపుతా. నువ్వు వెళ్లు."

త్రినాధరావు నవ్వాడు. "మీ నాన్న కొట్లో బెల్లం దిమ్మలు అమ్మినట్టు కాదు బాబూ. నువ్వు కలిపితే అది బెల్లం అవదు, బొగ్గవుద్ది."

"మరి ఫైనల్?"

నితీష్ భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. పొగ వల్ల కాదు.

"ఓలమ్మా, ఓ గ్లాసుడు నీళ్లు ఇత్తావా?"

మలుపులో బండి ఎక్కించుకోమన్న మనిషి. గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో ఎవరూ చూడలేదు. నితీష్ తల్లి బుల్లమ్మ చెంబు అందించింది. తాగి, కండువాతో మూతి తుడుచుకుని, పెనం దగ్గరకు వచ్చాడు.

"గోలీవి నువ్వేనా?"

"ఊఁ."

"తెడ్డిలాగియ్యి. మీ నాన్న సెప్తాడు, నేను కలుపుతాను. మాకూ చెరకే."

త్రినాధరావు మంచం మీంచి లేచాడు. "మీరు పనేటో ఉండి బయల్దేరుంటారు గదా?"

"గోలీ లేకుండా ఆటేటి?" అన్నాడు ఆ మనిషి. "ఎల్లండి బాబూ."

సీజన్లో కూలి కోసం పాకల వెంట తిరిగేవాళ్లుంటారు. అతన్నీ అలాంటివాడే అనుకున్నాడు కిరణ్.

"కూలి సాయంత్రం ఇప్పిస్తాలే. పాకం మాడ్చకు" అన్నాడు.

ఆ మనిషి నవ్వి మంట వైపు వంగాడు.

*

గ్రౌండు చుట్టూ జనం. బెల్లం మార్కెట్లో కొట్లు మధ్యాహ్నమే కట్టేశారు. అవతలి జట్టు చోడవరం కాలేజీ.

చోడవరం ముందు గోలు కొట్టింది. ఆట ముగుస్తుందనగా కిరణ్ తలతో ఒకటి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో అనకాపల్లి ఒకటి ముందుంది. చోడవరానికి ఇక ఒకే కిక్కు మిగిలింది. వాళ్ల కెప్టెన్ ధనరాజ్ వచ్చాడు.

బంతి పెట్టి, ధనరాజ్ జనం వైపు చూశాడు. ఎవరినో వెతికినట్టు గ్యాలరీ అంతా చూశాడు. తర్వాత కొట్టాడు.

నితీష్ ఎడమవైపు దూకాడు. బంతి చేతులకు తగిలి బయటికి పోయింది.

జనం తాళ్లు తెంచుకుని లోపలికొచ్చారు. డప్పులు మొదలయ్యాయి. జనం భుజాల మీదనుంచే నితీష్ తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా! కప్పు మందే! ఆఖరి బాలు ఆపేసేను! ఆల్ల కెప్టెన్ కొట్టిందే!"

మార్కెట్ వీధిలో ఊరేగించారు. షావుకార్లు కొట్ల ముందుకొచ్చి దండలు వేశారు. కిరణ్ తండ్రి కప్పు ఎత్తి పట్టుకుని కాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ కప్పుతో పాకకు వచ్చారు. పొయ్యి ఆరిపోయింది. బెల్లం దిమ్మలు వరుసగా ఆరుతున్నాయి. త్రినాధరావు ఎడమచేత్తో కప్పు తడిమి చూశాడు.

"ఆయనేడి?" అన్నాడు కిరణ్.

"ఎల్లిపోనాడు బాబూ" అంది బుల్లమ్మ. "ఈడు ఫోన్ సేసినప్పుడు పక్కనే ఉన్నాడు. స్పీకర్లో ఇన్నాడు."

"ఏటన్నాడు?" అడిగాడు నితీష్.

"'మీవోడు బాగా ఆపేడమ్మా' అన్నాడు. పెనం దించేసేక తెడ్డు కడిగి పెట్టేడు."

"కూలి?"

"సీ, కూలేటి బాబూ! ఇత్తానంటే దండం ఎట్టేసేడు. దిమ్మ పట్టుకెల్లమన్నా ఒల్లనన్నాడు."

"ఏమీ తీసుకోలేదా?"

"వేడి బెల్లం ముక్కొకటి కాగితంలో కట్టించుకున్నాడు. 'మా ధనరాజ్‌కి పెడతానమ్మా, ఇయ్యాల ఓడిపోయి వత్తాడు' అన్నాడు."