సీలు తీయని కవర్లు

శనివారం వచ్చిందంటే చాలు, పరిశోధన సహాయకురాలికి గుండెల్లో రాయి పడేది. హైస్కూలు పిల్లలకు విశ్వవిద్యాలయంలో పరిశోధన ఎలా జరుగుతుందో చూపించాలట. అనుకున్నది ప్రొఫెసరుగారు. ఫొటోలు దిగింది ప్రొఫెసరుగారు. పిల్లల్ని మాత్రం ఈవిడ నెత్తిన పెట్టి, ఆయన సమావేశాలకు చెక్కేశారు.

మూడో అంతస్తు ఎక్కేసరికే ఆమెకు ఓపిక సగం అయిపోయింది. స్టూలు లాక్కుని కూలబడింది. ఎదురుగా పన్నెండు మంది. వెనక వరసలో ఇద్దరు ఆమె పొట్టి క్రాపు చూసి కిసుక్కుమన్నారు.

"ఈ రెండు సీసాలకీ తేడా చెప్పండి," అంది.

పిల్లలు తిప్పి తిప్పి చూశారు. అవే తెల్ల మాత్రలు, అవే మూతలు. మీద నంబర్లు తప్ప పేర్లు లేవు.

"నాకూ తెలీదు. ఒకదాంట్లో కండరాల నీరసానికి కొత్త మందు. ఇంకోదాంట్లో వట్టి పిండి. మింగేవాళ్ళకీ తెలీదు, ఇచ్చే నాకూ తెలీదు. తెలిస్తే, పనిచేసింది మందో మన ఆశో తేల్చలేం. రెండేళ్ళయ్యాకే జాబితా బయటికొస్తుంది."

"అంటే పిండి మింగించి మోసం చేస్తారా?" అన్నాడు వెనక వరస కుర్రాడు.

"మోసమెందుకవుతుంది నాయనా? అన్నీ చెప్పి, సంతకం పెట్టించుకునే చేర్చుకుంటాం. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు."

"మధ్యలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే?" అని అడిగింది ముందు వరసలో పిల్ల. నాలుగు వారాలుగా ప్రశ్నల మీద ప్రశ్నలతో ఈవిడ బుర్ర తినేస్తున్నది ఈ పిల్లే. పన్నెండు మందిలో రేపు పరిశోధనకు పనికొచ్చేదీ ఈ పిల్లే.

"అందుకే మందో పిండో రాసి సీలేసిన కవరు, నంబరుకొకటి, ఆ బీరువాలో ఉంటుంది. డాక్టరు తీయమంటేనే తీస్తాం."

ఆ మాట ఎందుకన్నానా అని తరవాత అనుకుంది.

గంట కొట్టగానే పిల్లలు బిలబిలమంటూ వెళ్ళిపోయారు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు.

"పదిహేడో నంబరు మా అమ్మ, మేడమ్."

ఆమె సీసాలు సర్దడం ఆపి పిల్ల వైపు తిరిగింది.

"ఆర్నెల్ల నుంచి అమ్మకి చెయ్యి పైకి లేవట్లేదు. జడ కూడా నేనే వేస్తున్నా. పిండి అయితే చెప్పండి, వేరే ఆస్పత్రికి తీసుకెళ్తాం. మందయితే ఓపిక పడతాం. తాళం మీ దగ్గరే ఉందిగా."

"తీయను తల్లీ."

"ఎవరికీ చెప్పను. ఒట్టు."

"డాక్టరు చెప్పకుండా ఒక్క కవరు తీసినా నలభై మంది ఇన్నాళ్ళు పడ్డ కష్టం బూడిదపాలే. రేపు ఈ జబ్బు వచ్చేవాళ్ళకి మందుందో లేదో ఎప్పటికీ తేలదు."

"వాళ్ళెవరో నాకు తెలీదు. అమ్మ తెలుసు."

ఆమె చూపు బీరువా మీదికి పోయింది. గదిలో ఇంకెవరూ లేరు. బీరువా నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ నాలుగడుగులూ మనసులో ఇదివరకు ఎన్నిసార్లు వేసిందో ఆమెకే తెలుసు.

"సోమవారం అమ్మని తీసుకురా. డాక్టరుగారితో నేనే మాట్లాడతాను. మానేస్తానంటే అమ్మని ఎవరూ ఏమీ అనరు. కవరు మాత్రం తీయను."

పిల్ల కళ్ళు తుడుచుకుని సంచి భుజానికి తగిలించుకుంది.

"మీకేం మేడమ్! మీకు మేమంతా వట్టి నంబర్లం. మీదాకా వస్తే తెలిసేది. వచ్చే వారం నుంచి నేను రాను."

తలుపు ధడాలున మూసుకుంది. పనికొచ్చే ఆ ఒక్క పిల్లా పోయింది. లేచి వెళ్ళి పిలుద్దామనుకుంది కానీ, లేచే ఓపిక లేక కాసేపు అలాగే కూర్చుండిపోయింది.

తరవాత తన చేతిసంచిలోంచి ఇరవై రెండో నంబరు సీసా తీసి, ఈ పూట మాత్ర నోట్లో వేసుకుంది.