మంచి గాలి

“ఇంకా గట్టిగా ఊదు!” అంది డాక్టరమ్మ.

కృపారావు ఊదాడు. ఊపిరి కొలిచే గొట్టం మీద ముల్లు సగానికైనా జరగలేదు. దగ్గు మాత్రం తన్నుకొచ్చింది.

“దొంగసాటుగా బీడీలు కాలస్తన్నాడమ్మా,” అంది భార్య లీలారాణి.

కృపారావుకి ఒళ్ళు మండిపోయింది. “ఎప్పుడో మానీసినానని ఎన్నిసార్లు సెప్పాలే? పొగ పడదని ఇటుకల బట్టీ ఒగ్గీసి, బొబ్బిలిలో మంచినీళ్ళ ప్లాంటులో సేరాను. దుమ్ము దూరకుండా తలుపులేసుకుంటాను. ఇంకేటి సెయ్యాల?”

“నీళ్ళకి ఓజోన్ గ్యాసు పెడతారా?” అడిగింది డాక్టరమ్మ.

“పెడతామమ్మా. మిషను పనిసేస్తన్నాదో లేదో గొట్టం కాడ ముక్కెట్టి సూస్తాను. పిడుగు పడ్డాక వస్తాదే, ఆ వాసన. శుభ్రమైన గాలి.”

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. “నీళ్ళలో పురుగుల్ని చంపేది ఆ ఓజోనే. మూసిన గదిలో రోజూ పీలిస్తే ఊపిరితిత్తులు వాచిపోతాయి. నీ ఆయాసం దాని వల్లే.”

గెలిచినట్టుగా భార్య వైపు తిరిగాడు కృపారావు. ఆమె అప్పటికే లేచి నిలబడింది.

“మన పాప దగ్గుతున్నాదని, మంచి గాలి తగుల్తాదని,” అంటూ గుమ్మం వైపు కదిలింది ఆమె, “నీ తోడబుట్టిన అప్పనీ పాపనీ ఆ గదిలోనే కూకోబెట్టీసొచ్చావు కదయ్యా! తలుపు కూడా ఏసీసి!”