దస్తీ వేసిన సీటు

"లే! దస్తీ కనపడ్తలేదా?"

మొగులప్ప అరుపుకు కిటికీ పక్కన కూర్చున్న బక్కపల్చటి మనిషి ఉలిక్కిపడ్డాడు.

నిజాం కాలంలో పట్టాలు పడ్డప్పటి నుంచీ ఉందో ఏమో, వికారాబాద్ జంక్షన్‌లో ఒకటే చట్టం. కిటికీలోంచి ఎవరి దస్తీ, అదే చేతిరుమాలు, ముందు పడితే సీటు వాళ్లది.

బీదర్ బండి దిగి తాండూరు బండిలోకి మారిన ఆ మనిషికి ఈ చట్టం తెలియదు. పైగా దస్తీ గాలికి జారి కింద పడి ఉంది.

"ఖాలీ ఉండెనని కూసున్ననన్నా." మాటలో కన్నడ యాస.

"నా దస్తీ కింద పడేస్తావురా?"

పొద్దుటి నుంచీ మొగులప్ప మనసు మనసులో లేదు. తాండూరు దవాఖానాలో బిడ్డ నిరోషా కాన్పు కష్టమైందని, జల్ది రమ్మని భార్య ఎంకమ్మ ఫోన్ చేసింది. ఆ భయమంతా ఎవరి మీద కక్కాలో తెలియనివాడికి ఈ మనిషి దొరికాడు.

చెంప ఛెళ్లుమంది.

ఆ మనిషి తిరిగి చెయ్యెత్తలేదు. అదే అందరికీ అలుసైంది. బోగీలో వాళ్లకు కారణంతో పనేముంది? ఒకడు జుట్టు పట్టాడు, ఇంకొకడు డొక్కలో తన్నాడు.

"కొట్టన్నా, నెత్తురు మాత్రం తియ్యకు. దానితోటి పనుంది," అన్నాడు ఆ మనిషి మొహానికి చేతులడ్డం పెట్టుకుని.

బోగీ గొల్లుమంది.

"నెత్తురుతోటి పనట! నల్లివా ఏందిరా?"

మొగులప్ప పిడికిలి బిగించి గుద్దాడు. ముక్కు చితికింది. బండి కదులుతుండగా కాలర్ పట్టి ప్లాట్‌ఫారం మీదికి నూకేశాడు. తల సిమెంటు బెంచీకి తగిలిన చప్పుడు లోపలికి వినిపించింది.

సీటు దక్కింది. వేళ్లకంటిన నెత్తురు దస్తీతో తుడిచి జేబులో పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు.

తాండూరులో ఎంకమ్మ దవాఖానా గేటు దగ్గరే నిలబడి ఉంది. అతని వెనక ఎవరికోసమో చూసింది.

"ఒక్కనివే వచ్చినవా?"

"ఇంకెవరొస్తరే? బిడ్డెట్లుంది?"

"నెత్తురు ఆగుతలేదు. ఎవ్వరిదీ కలుస్తలేదట. కలిసేటాయన ఒక్కడే దొరికిండు. మనకేమీ కాకున్నా వస్తనన్నడు. వికారాబాద్‌ల మారి నువ్వొచ్చే బండే ఎక్కుతనన్నడు."

మొగులప్ప ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఏ ఊరాయన?"

"బీదర్."

అతని చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

బిడ్డకు కావలసిన నెత్తురు దస్తీ మీద ఎండి అట్టకట్టి ఉంది.