ముళ్లపంది చెప్పిన ధర

తోడేళ్ల మంద గుట్టవైపు వస్తోందని కుందేళ్లకు తెలిసింది. బొరియల చుట్టూ కంచె వేయాలంటే ముళ్లపంది ముళ్లు కావాలి. కాపలా చూసే కుందేలు దూదమ్మ కొన్ని కుందేళ్లను వెంటబెట్టుకుని బేరానికి వెళ్లింది.

"ముల్లుకు బుట్టెడు దుంపలు. పీకుతుంటే ప్రాణం పోతుంది తల్లీ," అంది ముళ్లపంది.

పోయినేడు కుందేళ్లు ఈ మాటే నమ్మి గాదె ఊడ్చి ఇచ్చాయి. ఆ చలికాలం దూదమ్మ చిన్నకూతురు ఆకలితో పోయింది.

"మా ముందు ఒకటి పీకు మామా. చూసి ధర కడతాం."

"తోడేళ్లు వాగు దాటుతుంటే లెక్కలడుగుతావా?"

"ఇచ్చేద్దాం దూదమ్మా," అని వెనకున్న కుందేళ్లు బతిమాలాయి. అయినా దూదమ్మ అక్కణ్ణించి కదల్లేదు.

అంతలో దగ్గర్లోనే ఊళ వినిపించింది. ముళ్లపంది ఉలిక్కిపడి ఒళ్లు విదిలించింది. ముళ్లు జలజలా రాలాయి. చుక్క నెత్తురు లేదు. అది మూలగనూ లేదు.

"రాలిన ముళ్లకు రాలిన ముళ్ల ధరే ఇస్తాం," అంది దూదమ్మ, వాటిని ఏరుతూ. "పోయినేడు ఎక్కువ తీసుకున్నది తిరిగి పెట్టు."

"పెట్టకపోతే?"

"కాసేపట్లో కంచె మూసేస్తాం మామా. లోపలుంటావో బయటుంటావో నువ్వే చెప్పు."

మళ్లీ ఊళ వినిపించింది. ముళ్లపంది వంగి, తనూ ముళ్లు ఏరడం మొదలుపెట్టింది.