ఏరుకున్న బిడ్డ

చర్చిలో ప్రభు భోజనపు రొట్టె పళ్లెం తన వరకు రాగానే బేకరీ ఆవిడ దాన్ని పక్కవాళ్లకు అందించేసింది. ఆ రొట్టె కాల్చి చర్చికి పంపింది ఆమే. తినడం మాత్రం మానేసింది.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. భర్త అడిగితే ఒంట్లో బాగోలేదంది. అసలు సంగతి, చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు చేసిన ప్రసంగం.

మామూలుగా ఆయనది మెత్తటి గొంతు. ఆ రోజు మాత్రం నిప్పులు చెరిగాడు. "సంతలో కూరగాయలు ఏరినట్టు ల్యాబుల్లో బిడ్డల్ని ఏరుకుంటున్నారు. ఒకరికి పనికొస్తారని ఇంకొకరిని పుట్టిస్తున్నారు. ఆ పుట్టేవాళ్ల గోడు ఎవరైనా అడిగారా?" అన్నాడు.

ఆ మాట బేకరీ ఆవిడ గుండెల్లో గునపంలా దిగింది. పాపం మోస్తూ ప్రభువు రొట్టె ముట్టకూడదనుకుంది.

ఆమె కొడుక్కి పుట్టుకతోనే రక్తం ఊరని జబ్బు. నెలనెలా ఎక్కించాల్సిందే. వాడికి సరిపడే ఎముక మూలుగ చుట్టాల్లో ఎవరి దగ్గరా లేదు. అప్పుడు డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. ల్యాబులో పిండాలు తయారుచేసి, జన్యువులు పరీక్షించి, జబ్బు లేకుండా, అన్నకు సరిపోయేలా ఉన్న ఒక్కదాన్ని ఏరి గర్భంలో పెడతామంది. అలా పుట్టింది కూతురు. కాస్త ఎదిగాక దాని తుంటి ఎముకలోంచి మూలుగ తీసి అన్నకు ఎక్కించారు. వాడు గండం గట్టెక్కాడు.

పిల్లలకు మూలుగ సంగతి వరకే తెలుసు. బస్సులో కిటికీ పక్క సీటు ఇవ్వకపోతే చాలు, అయితే నా మూలుగ నాకిచ్చెయ్ అని కూతురు అన్నతో పేచీ పెట్టుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వుతారు. తల్లికే నవ్వు రాదు.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, అందరూ వెళ్లేదాకా ఆగి, పాస్టరు గదిలోకి వెళ్లింది. ఆయన కుర్చీ చూపించాడు. ఆమె నిలబడే అంతా చెప్పేసింది. మిగిలిన పిండాలను ఏం చేశారని డాక్టరమ్మను అడగలేదనీ, అడిగితే వినాల్సి వస్తుందని భయపడ్డాననీ కూడా చెప్పింది.

పాస్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇక తిట్లే అనుకుందామె. ఆయన మాత్రం బాబు ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడంది. నిజంగా బాగున్నాడా అని మళ్లీ అడిగాడు. బంతాటలో పడి మోకాళ్లు చెక్కుకుపోవడం తప్ప ఏ రోగమూ లేదని చెప్పింది. ఆయన తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ మిగిలినవాటి సంగతి తేల్చడం నావల్ల కాదమ్మా. అది మీరు దేవుడి ముందే పెట్టుకోవాలి. కానీ ఆ రోజు నేను అలా మాట్లాడి ఉండకూడదు."

"మీరన్నదాంట్లో తప్పేముంది పాస్టరుగారూ? రేపు అది పెద్దదై, నన్ను నాకోసం కన్నావా, అన్నకోసం కన్నావా అంటే ఏం చెప్పను?"

"అడగదు. అడగలేదు."

"మీకెలా తెలుసు?"

"మా అమ్మను నేను ఇంతవరకు అడగలేదు, నన్నూ మా అన్నకోసమే ఏరుకుని కన్నారు, కానీ నా మూలుగతో వాడు దక్కలేదు."